పరాయి గడ్డపై ప్రాణం పోతే... ఇంట్లో ఉండాల్సిన కాగితాలివే

కంచన్‌బాగ్: పొట్ట చేతపట్టుకొని సముద్రం దాటి వెళ్లిన మనిషి అక్కడే కన్నుమూశాడన్న కబురు వేళకాని వేళ ఫోన్‌లో అందుతుంది. ఇంట్లో ఏడుపులు మొదలైన కాసేపటికే అవతలి గొంతు ఒక ప్రశ్న వేస్తుంది. భౌతికకాయాన్ని పంపించాలా, ఇక్కడే ఖననం చేయాలా? ఆ ప్రశ్నకు బదులు చెప్పవలసింది ఎవరు, ఏ కాగితం మీద సంతకం చేయాలి, ఖర్చు ఎవరు భరించాలి, మృతునికి రావలసిన జీతం బకాయి ఏమవుతుంది అన్నవి తెలియక కుటుంబాలు వారాల తరబడి కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తోంది. శవాగారంలో మనిషి, ఇక్కడ కాగితాల కోసం కుటుంబం అన్నట్లుగా ఉంటుంది పరిస్థితి.

మరణాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ తరువాతి అవస్థలో మాత్రం అధిక భాగం ముందుజాగ్రత్తతో తప్పించుకోదగినదే. విమానం ఎక్కే ముందు ఒక పూట కేటాయించి కొన్ని పత్రాల నకళ్లు ఇంట్లో భద్రపరచడం, రెండు మూడు విషయాలు ఇంటివారితో మాట్లాడి తేల్చుకోవడం ఇందుకు చాలు. ఆ వివరాలే ఈ కథనం.

బార్కాస్ నుంచి డల్లాస్ వరకు

పాతబస్తీకి అరబ్బు దేశాలతో అనుబంధం కొత్తది కాదు. కంచన్‌బాగ్‌ను ఆనుకొని ఉన్న బార్కాస్‌లో స్థిరపడినవారి పూర్వికులు యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి నిజాం సైన్యంలో కొలువు కోసం వచ్చినవారు. 1970 దశకంలో చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో నిర్మాణాలు ఊపందుకున్నాక ప్రయాణం దిశ మారింది. సంతోష్‌నగర్, హఫీజ్‌బాబానగర్, చాంద్రాయణగుట్ట ప్రాంతాల నుంచి డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లు, దుకాణాల్లో పనివారు సౌదీ అరేబియా, దుబాయ్, కువైట్, ఖతార్‌లకు బయలుదేరారు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెలదీ అదే దారి.

ఇదే కంచన్‌బాగ్‌లో రక్షణ పరిశోధనాశాలలు, మిధాని, భారత్ డైనమిక్స్ వంటి సంస్థలున్నాయి. వాటి ఉద్యోగుల పిల్లలు చదువులకు, కొలువులకు అమెరికా, ఆస్ట్రేలియాలకు వెళుతున్నారు. ఒక వీధిలో రియాద్ నుంచి, పక్క వీధిలో డల్లాస్ నుంచి ఫోన్లు వస్తుంటాయి. దేశాన్ని బట్టి చట్టాలు వేరైనా, కుటుంబం చేయవలసిన పనుల్లో చాలా భాగం ఒక్కటే.

ముందుగా తేల్చుకోవలసిన మాట

తాను అక్కడే మరణిస్తే ఏం చేయాలన్నది ప్రవాసి బతికుండగానే చెప్పి ఉంచడం మేలు. ఆ మాట ఎత్తడమే అశుభమని చాలామంది భావిస్తారు. కానీ చెప్పకపోతే ఆ నిర్ణయ భారం దుఃఖంలో ఉన్న భార్య మీద, వృద్ధులైన తల్లిదండ్రుల మీద పడుతుంది. ఒకరు ఇంటికి తేవాలని, మరొకరు అక్కడే ఖననం చేయాలని పట్టుబడితే రోజులు గడిచిపోతాయి.

ఖననం త్వరగా జరగాలన్నది ఇస్లాం సంప్రదాయం. అందువల్ల సౌదీలో మరణించినవారిని అక్కడే ఖననం చేసేందుకు హైదరాబాద్ కుటుంబాలు అంగీకరించడం కద్దు. 2025 నవంబరు 17న మక్కా నుంచి మదీనా వెళుతున్న బస్సు చమురు ట్యాంకర్‌ను ఢీకొన్న ఘోర ప్రమాదంలో 45 మంది ఉమ్రా యాత్రికులు మృత్యువాత పడ్డారు. వారిలో అత్యధికులు హైదరాబాద్‌వాసులే. మంటల్లో గుర్తుపట్టలేని విధంగా కాలిపోయిన దేహాలను డీఎన్‌ఏ పరీక్షలతో గుర్తించవలసి వచ్చింది. బంధువులు మదీనా చేరుకున్నాక జన్నతుల్ బఖీ శ్మశానవాటికలో అంత్యక్రియలు నిర్వహించారు. వారు యాత్రికులే తప్ప ప్రవాసులు కారు. అయినా దగ్గరి రక్త సంబంధీకులెవరో చూపే పత్రాలు ఇంట్లో సిద్ధంగా ఉండడం ఎంత అవసరమో ఆ ఘటన తెలియజెప్పింది.

హిందూ కుటుంబాల విషయం వేరు. సౌదీ అరేబియాలో దహన సంస్కారానికి వీలు లేదు. భౌతికకాయాన్ని స్వదేశానికి తేవడమో, అక్కడే ఖననానికి ఒప్పుకోవడమో తప్ప మూడో దారి లేదు. దుబాయ్‌లోని జబల్ అలీలో శ్మశానవాటిక ఉన్నందున అక్కడ దహనం చేసి అస్థికలు తెచ్చుకునే వీలుంది. వెళ్లే దేశంలో ఏది సాధ్యమో ముందే తెలుసుకోవాలి.

కబురు అందిన వెంటనే

మరణవార్త వినగానే మొదట చేయవలసింది దానిని ధ్రువపరచుకోవడం. ఏ ఆసుపత్రిలో, ఏ నగరంలో, ఏ తేదీన, ఏ కారణంతో మరణం సంభవించిందో యజమానిని లేదా తోటి కార్మికులను అడిగి రాసుకోవాలి. ఫోన్ చేసినవారి పేరు, నంబరు కూడా రాసుకోవాలి. తరువాత ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయానికి గానీ కాన్సులేట్‌కు గానీ సమాచారం ఇవ్వాలి. సౌదీలో రాయబార కార్యాలయం రియాద్‌లో, కాన్సులేట్ జెడ్డాలో ఉన్నాయి. మక్కా, మదీనా జెడ్డా పరిధిలోకి వస్తాయి. యూఏఈలో రాయబార కార్యాలయం అబుదాబిలో, కాన్సులేట్ దుబాయ్‌లో ఉన్నాయి.

విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన మదద్ పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నమోదు సంఖ్య వస్తుంది గనుక ఆ దరఖాస్తు ఎవరి వద్ద ఉందో తెలుస్తుంది. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత ఫోన్ నంబరు 1800 11 3090. రాష్ట్ర సచివాలయంలోని ప్రవాస భారతీయుల విభాగానికి, జిల్లా కలెక్టరుకు కూడా లిఖితపూర్వకంగా తెలియజేయడం మంచిది. నోటిమాటగా చెప్పి ఊరుకోరాదు. ప్రతి దరఖాస్తు నకలుపై స్వీకరించిన ముద్ర వేయించుకోవాలి.

భౌతికకాయం తరలింపునకు కావలసినవి

దేశాన్ని బట్టి స్వల్ప మార్పులున్నా, స్వదేశానికి పంపేందుకు దౌత్య కార్యాలయాలు కోరే పత్రాలు ప్రధానంగా ఇవి.

1. ఆసుపత్రి ఇచ్చిన వైద్య నివేదిక లేదా స్థానిక మరణ ధ్రువపత్రం.

2. ప్రమాదం, ఆత్మహత్య, హత్య వంటి అసహజ మరణమైతే పోలీసుల సవివర నివేదిక, దాని ఆంగ్ల అనువాదం.

3. దగ్గరి వారసుల సమ్మతి పత్రం. దీనిని ఇక్కడ నోటరీ చేయించి పంపాలి.

4. మృతుని పాస్‌పోర్టు, వీసా పుటల నకళ్లు. సౌదీ అయితే ఇఖామా నకలు.

5. దేహం పాడవకుండా రసాయనాలతో భద్రపరచినట్లు ధ్రువపత్రం, అంటువ్యాధి లేదన్న వైద్య ధ్రువీకరణ.

6. స్థానిక ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ అనుమతులు.

వీటి ఆధారంగా దౌత్య కార్యాలయం మరణాన్ని నమోదు చేసి, పాస్‌పోర్టును రద్దు చేసి, నిరభ్యంతర పత్రం జారీ చేస్తుంది. సహజ మరణమైతే పని కొంత త్వరగా సాగుతుంది. అసహజ మరణమైతే పోలీసు దర్యాప్తు ముగిసే వరకు దేహాన్ని అప్పగించరు. ఈ జాప్యానికి దౌత్య కార్యాలయాన్ని నిందించి ప్రయోజనం లేదు. దర్యాప్తు ఏ దశలో ఉందో మదద్ ద్వారా అడగవచ్చు.

సంతకం చేసే ముందు

సౌదీ వ్యవహారాల్లో అందరూ వకాలత్‌నామా అని పిలిచేది పవర్ ఆఫ్ అటార్నీనే. మృతుని తరఫున అక్కడ వ్యవహరించేందుకు వారసులందరూ కలిసి ఒకరికి అధికారం ఇస్తారు. ఇక్కడే ఎక్కువ జాగ్రత్త అవసరం. దేహాన్ని పంపడానికో ఖననం చేయడానికో ఇచ్చే అధికారం వేరు, జీతం బకాయిలు, నష్టపరిహారం వసూలు చేసుకునే అధికారం వేరు. రెండింటికీ విడివిడిగా పత్రాలు రాయాలి. దేహాన్ని త్వరగా పంపిస్తామంటూ, మాకు రావలసినదంతా ముట్టింది అని రాసి ఉన్న కాగితంపై సంతకం అడిగితే ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదు. అరబిక్‌లో ఉన్న కాగితాన్ని అర్థం తెలుసుకోకుండా ఒప్పుకోరాదు.

డబ్బు వ్యవహారాల పవర్ ఆఫ్ అటార్నీకి నోటరీ ఒక్కటే సరిపోదు. రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ తరువాత విదేశాంగ శాఖ ధ్రువీకరణ కావాలి. హైదరాబాద్‌లోని విదేశాంగ శాఖ శాఖా సచివాలయం ఈ సేవ అందిస్తోంది. భారత్‌తో పాటు అపోస్టిల్ ఒప్పందంలో ఉన్న దేశాలకు అపోస్టిల్ ముద్ర చాలు. సౌదీ అరేబియాలో ఈ ఒప్పందం 2022 డిసెంబరు నుంచి అమలులోకి వచ్చింది. ఒప్పందంలో లేని దేశమైతే ఆ దేశపు దౌత్య కార్యాలయం ముద్ర కూడా వేయించాలి.

వితంతువు ఇద్దత్‌లో ఉండే నాలుగు నెలల పది రోజుల కాలం పాతబస్తీ కుటుంబాల్లో మరో చిక్కు. ఆమె బయటికి రావడానికి ఇంటివారు సమ్మతించకపోవచ్చు. అటువంటప్పుడు సోదరునికో, వయసు వచ్చిన కుమారునికో పరిమిత అధికారంతో పత్రం రాసివ్వవచ్చు. అయితే ఏ పనికి, ఎంత కాలానికి అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. డబ్బు మాత్రం ఆమె సొంత బ్యాంకు ఖాతాలోనే జమ కావాలని రాయించుకోవాలి.

ఖర్చు ఎవరిది?

సౌదీ కార్మిక చట్టంలోని 40వ అధికరణం ప్రకారం మృతుని దేహాన్ని సిద్ధం చేసి, ఒప్పందం కుదిరిన లేదా కార్మికుని నియమించుకున్న ప్రాంతానికి చేర్చే ఖర్చు యజమానిదే. కుటుంబం సమ్మతితో అక్కడే ఖననం చేస్తే, లేదా ఆ దేశ సామాజిక బీమా సంస్థ ఆ బాధ్యత తీసుకుంటే యజమానికి మినహాయింపు ఉంటుంది. యూఏఈ కార్మిక చట్టంలోనూ ఈ ఖర్చు యజమానిపైనే ఉంది. కాబట్టి మొదట యజమానిని అడగాలి. చందాలు పోగుచేయడం ఆ తరువాతి మాట.

యజమాని ముందుకు రానప్పుడు, బీమా లేనప్పుడు భారత దౌత్య కార్యాలయాల వద్ద ఉన్న భారతీయ సమాజ సంక్షేమ నిధి ఆదుకుంటుంది. 2009లో ఏర్పాటైన ఈ నిధి నిబంధనలను 2017లో సవరించారు. కుటుంబ ఆర్థిక స్థితిని పరిశీలించి, అర్హులైనవారికి తరలింపు ఖర్చు మంజూరు చేస్తారు. స్తోమత లేదని తెలిపే ఆదాయ ధ్రువపత్రం, తెల్లరేషన్ కార్డు నకలు దరఖాస్తుకు జతచేస్తే ఉపయోగం.

ఖల్లివెల్లి అయినవారి అవస్థ

కఫీల్ వద్ద నుంచి వెళ్లిపోయి వేరే చోట పనిచేస్తున్నవారిని కార్మికులు ఖల్లివెల్లి అంటారు. సౌదీలో అటువంటివారిపై యజమాని హురూబ్ నమోదు చేసి ఉండవచ్చు. సందర్శక వీసాపై వెళ్లి పనిలో చేరినవారిదీ, ఆజాద్ వీసా పేరుతో ఎవరి పేరనో వెళ్లి ఇంకెవరి దగ్గరో పనిచేసేవారిదీ దాదాపు ఇదే పరిస్థితి. వీరు మరణిస్తే కాగితాల్లో ఉన్న యజమాని తనకు సంబంధం లేదంటాడు. పని చేయించుకున్నవాడు కనిపించడు. బకాయిలు అడగడానికి ఆధారమే ఉండదు.

అలాగని ఆశ వదులుకోనవసరం లేదు. మరణాన్ని దౌత్య కార్యాలయంలో నమోదు చేయించుకొనే హక్కు ప్రతి భారతీయుని కుటుంబానికీ ఉంది. అయితే మనిషి ఎక్కడ ఉన్నాడో, ఎవరి దగ్గర పనిచేశాడో ఇంటివారికి తెలిసి ఉండాలి. గది చిరునామా, ఇద్దరు మిత్రుల ఫోన్ నంబర్లు ఇంట్లో రాసి ఉంచడం ఇటువంటివారికి మరీ ముఖ్యం.

శంషాబాద్‌కు చేరాక

విదేశాల నుంచి వచ్చే భౌతికకాయాలకు విమానాశ్రయ ఆరోగ్య అధికారి అనుమతి తప్పనిసరి. ఇందుకోసం కేంద్ర ఆరోగ్య శాఖ 2023 ఆగస్టులో ఈ-కేర్ అనే పోర్టల్‌ను ప్రారంభించింది. మరణ ధ్రువపత్రం, దేహాన్ని భద్రపరచిన ధ్రువపత్రం, దౌత్య కార్యాలయం ఇచ్చిన నిరభ్యంతర పత్రం, రద్దయిన పాస్‌పోర్టు నకలు అనే నాలుగింటిని అందులో నమోదు చేయాలి. విమానం బయలుదేరే ముందే ఈ పని పూర్తయిందా అని పంపేవారిని అడిగి తెలుసుకోవాలి.

దేహం ప్రయాణికుల ద్వారం గుండా రాదు. సరకు విభాగం వద్ద అప్పగిస్తారు. స్వీకరించేవారి పేరు ముందే కాగితాల్లో ఉండాలి. ఆ వ్యక్తి ఆధార్ వంటి గుర్తింపు కార్డు, మృతుని పాస్‌పోర్టు నకలు, విమానయాన సంస్థ ఇచ్చిన బిల్లు సంఖ్య వెంట తీసుకెళ్లాలి. శంషాబాద్ నుంచి స్వగ్రామానికి ప్రభుత్వ ప్రవాస భారతీయుల విభాగం ద్వారా ఉచిత అంబులెన్స్ కోరవచ్చు. పేటికతో వచ్చే అసలు పత్రాలను జాగ్రత్తగా తీసి భద్రపరచాలి. అవే తరువాతి వ్యవహారాలన్నింటికీ ఆధారం.

మరణం పట్ల అనుమానం ఉంటే అంత్యక్రియలకు ముందే స్థానిక పోలీసులకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. విదేశంలో భారత పౌరుడు చేసిన నేరాన్ని కూడా భారతీయ నాగరిక సురక్షా సంహిత 208వ సెక్షన్ కింద ఇక్కడ విచారించవచ్చు. దానికి కేంద్ర ప్రభుత్వ అనుమతి అవసరం.

మరణ ధ్రువపత్రం ఎక్కడ?

చాలా కుటుంబాలు పొరపడేది ఇక్కడే. జనన మరణాలను అవి సంభవించిన చోటనే నమోదు చేస్తారు. రియాద్‌లో మరణించినవారికి హైదరాబాద్ నగరపాలక సంస్థ మరణ ధ్రువపత్రం ఇవ్వదు. జనన మరణాల నమోదు చట్టం, 1969లోని 20వ సెక్షన్ ప్రకారం భారత దౌత్య కార్యాలయంలో జరిగిన నమోదును ఈ చట్టం కింద జరిగిన నమోదుగానే పరిగణిస్తారు. కనుక దౌత్య కార్యాలయం ఇచ్చే ధ్రువపత్రమే బ్యాంకుకు, బీమా సంస్థకు, కోర్టుకు ఆధారం. అసలు ప్రతిని ఎవరికీ వదిలిపెట్టకుండా ధ్రువీకరించిన నకళ్లు మాత్రమే ఇవ్వాలి.

మనిషి జాడ తెలియకుండా పోయిన సందర్భాలూ ఉన్నాయి. సహజంగా అతని గురించి విని ఉండవలసినవారు ఏడేళ్లుగా ఏమీ వినకపోతే, మరణించినట్లు భావించేందుకు భారతీయ సాక్ష్య అధినియం 111వ సెక్షన్ అవకాశం ఇస్తోంది. ఇందుకు కోర్టును ఆశ్రయించాలి. జాడ తెలియని నాడే పోలీసు ఫిర్యాదు, మదద్ నమోదు చేసి ఉంటే అవి ఆనాటికి సాక్ష్యంగా నిలుస్తాయి.

రావలసిన సొమ్ము

మృతునికి రావలసిన జీతం, సెలవుల సొమ్ము, సేవాంత భత్యం వారసుల హక్కు. సౌదీ చట్టం ప్రకారం మొదటి అయిదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆపై ప్రతి ఏడాదికి నెల జీతం చొప్పున సేవాంత భత్యం లెక్కిస్తారు. ఉదాహరణకు నెలకు 2,000 రియాళ్ల జీతంతో ఎనిమిదేళ్లు పనిచేసినవారికి తొలి అయిదేళ్లకు 5,000, తరువాతి మూడేళ్లకు 6,000, మొత్తం 11,000 రియాళ్లు రావాలి. యూఏఈలో మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, తరువాత 30 రోజుల చొప్పున లెక్క కడతారు. మరణించిన పది రోజుల్లో బకాయిలు చెల్లించాలని ఆ దేశ చట్టం చెబుతోంది.

ఈ లెక్క వేయాలంటే ఉద్యోగ ఒప్పందం, చేరిన తేదీ, చివరి జీతం తెలియాలి. ఇవి ఇంట్లో లేకపోతే యజమాని చెప్పిందే లెక్క అవుతుంది. గడువు కూడా ఉంది. సౌదీలో ఉద్యోగ సంబంధం ముగిసిన 12 నెలల లోపు కార్మిక దావా వేయాలి. దుఃఖం తీరాక చూద్దామని ఏడాది దాటిస్తే హక్కు చేజారుతుంది.

పని ప్రదేశంలో ప్రమాదం జరిగితే సామాజిక బీమా పరిహారం, రోడ్డు ప్రమాదమైతే దియా అనే రక్తపరిహారం వేరుగా ఉంటాయి. దియాను అక్కడి కోర్టు నిర్ణయించాలి. వారసుల వివరాలతో ధ్రువీకరించిన పత్రాలు పంపాలి. దౌత్య కార్యాలయం ద్వారా వసూలైన సొమ్మును జిల్లా కలెక్టరు ద్వారా వారసులకు అందజేసే పద్ధతి ఉంది. కాబట్టి కలెక్టరేట్‌లో చిరునామా, ఫోన్ నంబరు మారినప్పుడల్లా తెలియజేయాలి.

బీమా, ప్రభుత్వ సాయం

పదో తరగతి చదవనివారు గల్ఫ్ సహా నిర్దేశిత దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే వలసల చట్టం, 1983 కింద ఎమిగ్రేషన్ అనుమతి పొందాలి. వీరికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. 2003లో మొదలై 2017లో సవరించిన ఈ పథకంలో ప్రమాద మరణానికి రూ.10 లక్షల బీమా ఉంది. ప్రీమియం రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375, పన్ను అదనం. యజమాని మారినా ఇది వర్తిస్తుంది. ప్రమాద మరణమని భారత దౌత్య కార్యాలయం ధ్రువీకరిస్తే బీమా సంస్థ అంగీకరించాలి. గుండెపోటు వంటి సహజ మరణానికి మాత్రం ఈ రూ.10 లక్షలు రావు. అందుకని విడిగా జీవిత బీమా తీసుకోవడం అవసరం.

చాలామంది ఏజెంటు చేతిలో డబ్బు పెట్టి పాలసీ కాగితం తీసుకోవడం మరచిపోతారు. గడువు తీరాక పునరుద్ధరించుకోనివారూ ఉన్నారు. పాలసీ సంఖ్య, గడువు తేదీ భార్యకు తెలియకపోతే బీమా ఉన్నా లేనట్లే.

గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు రూ.5 లక్షల పరిహారం ఇచ్చేందుకు తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో మార్గదర్శకాలు జారీ చేసింది. 2023 డిసెంబరు 7 నుంచి సంభవించిన మరణాలకు ఇది వర్తిస్తుంది. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌లతో పాటు ఇరాక్‌ను కూడా చేర్చారు. దరఖాస్తు జిల్లా కలెక్టరుకు చేయాలి. ఆరు నెలల గడువు ఉన్నందున జాప్యం తగదు. అదే నెలలో ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి ప్రారంభమైంది. ఆంధ్రప్రదేశ్‌వారు ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీని సంప్రదించవచ్చు.

వారసులు ఎవరు? వాటా ఎంత?

మృతునికి హైదరాబాద్‌లో ఉన్న బ్యాంకు ఖాతా, ఇల్లు, స్థలం విషయంలో మతాన్ని బట్టి వారసత్వ చట్టం వర్తిస్తుంది. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం వీలునామా లేని పురుషుని సొంత ఆస్తికి తల్లి, భార్య, కుమారులు, కుమార్తెలు సమాన వారసులు. తండ్రి ఈ మొదటి వరుసలో లేడు. ముస్లిం ధర్మశాస్త్రం ప్రకారం పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, లేకపోతే నాలుగో వంతు వస్తుంది. పిల్లలున్నప్పుడు తల్లికి, తండ్రికి చెరి ఆరో వంతు. వీలునామా ద్వారా ఆస్తిలో మూడో వంతుకు మించి రాయాలంటే మృతుని అనంతరం ఇతర వారసుల సమ్మతి ఉండాలి.

నామినీగా పేరున్నంత మాత్రాన సొమ్మంతా ఆ వ్యక్తిదేనని అనుకోరాదు. బ్యాంకు ఖాతాలో నామినీ సొమ్మును స్వీకరించే వ్యక్తి మాత్రమే, వారసుల వాటాలు అలాగే ఉంటాయి. అయినా నామినీ లేకపోతే సొమ్ము చేతికి రావడమే కష్టం. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు. పెళ్లికి ముందు ఖాతా తెరచి తండ్రినో సోదరునో నామినీగా రాసినవారు పెళ్లి తరువాత మార్చుకోవడం మరువరాదు. అత్తింట భార్య ఒంటరిదయ్యేది ఇటువంటి చిన్న మరపుల వల్లనే.

తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి మీసేవా ద్వారా దరఖాస్తు చేయాలి. బాకీలు, డిపాజిట్ల వసూలుకు నగర సివిల్ కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం కావలసి రావచ్చు. న్యాయవాదిని పెట్టుకోలేనివారికి న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. ఫోన్ నంబరు 15100.

వీసా కోసం చేసిన అప్పు మాట కూడా చెప్పుకోవాలి. మృతుడు వదిలిన ఆస్తి మేరకే అప్పు తీర్చే బాధ్యత వారసులపై ఉంటుంది. తాను సంతకం చేయని అప్పుకు వితంతువు తన సొంత నగలు, సొంత సంపాదన నుంచి చెల్లించనవసరం లేదు. ఈ సంగతి తెలియక, వచ్చిన పరిహారమంతా వడ్డీ వ్యాపారి చేతిలో పోసినవారు లేకపోలేదు.

అమెరికాలో ఉన్నవారికి

అమెరికాలో అంత్యక్రియల నిర్వహణ సంస్థలే దేహాన్ని సిద్ధం చేసి, కాన్సులేట్ నుంచి నిరభ్యంతర పత్రం తెప్పిస్తాయి. ఖర్చు ఎక్కువ. తానా వంటి తెలుగు సంఘాలు ఇందులో తోడ్పడుతున్నాయి. తానాలో టీమ్ స్క్వేర్ పేరుతో ఇందుకు ప్రత్యేక బృందం ఉంది. అక్కడే దహనం చేసి అస్థికలు తెచ్చేవారు దహన ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం, కాన్సులేట్ ఇచ్చే పత్రం వెంట ఉంచుకోవాలి. అక్కడ చిన్నపిల్లలున్న దంపతులు తమ ఇద్దరికీ ఏదైనా జరిగితే పిల్లల సంరక్షణ ఎవరిదో వీలునామాలో రాయాలి. ఇద్దరూ ఒకే ప్రమాదంలో పోయిన ఇంట ఈ కాగితం లేకపోతే పిల్లలను ఎవరికి అప్పగించాలో అక్కడి కోర్టు తేల్చవలసి వస్తుంది.

ఇంట్లో ఉండాల్సిన దస్త్రం

విమానం ఎక్కే ముందు ఈ క్రింది వాటిని ఒక సంచిలో పెట్టి భార్యకో, తల్లికో చూపించి అప్పగించాలి.

- పాస్‌పోర్టు, వీసా నకళ్లు. చేరాక ఇఖామా లేదా నివాస కార్డు ఫొటో.

- ఉద్యోగ ఒప్పందం, యజమాని పేరు, సంస్థ చిరునామా, ఫోన్ నంబరు.

- ఏజెంటు పేరు, లైసెన్సు సంఖ్య, చెల్లించిన సొమ్ముకు రశీదు.

- బీమా పాలసీల నకళ్లు, గడువు తేదీలు.

- ఇక్కడి, అక్కడి బ్యాంకు ఖాతాల వివరాలు, నామినీ పేరు.

- వివాహ ధ్రువపత్రం లేదా నిఖానామా, పిల్లల జనన ధ్రువపత్రాలు, అందరి ఆధార్ నకళ్లు.

- అప్పులు, ఇచ్చిన చేబదుళ్ల జాబితా.

- అక్కడ ఒకే గదిలో ఉండే ఇద్దరి ఫోన్ నంబర్లు.

- అంత్యక్రియలు ఎక్కడ జరగాలన్న కోరిక, సంతకంతో.

వివాహం రిజిస్టరు కానివారు వెళ్లే ముందే చేయించుకోవాలి. పాస్‌పోర్టులో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు, నిఖానామాలో ఇంకో పేరు ఉంటే భార్యనని నిరూపించుకోవడానికే ఆమె నెలలు తిరగవలసి వస్తుంది. పేర్ల అక్షరాలు సరిచేయించుకోవడం బతికున్నప్పుడు సులువు, ఆ తరువాత కష్టం.

సెలవుపై ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఈ దస్త్రాన్ని తెరచి కొత్త కాగితాలు చేర్చాలి. పెట్టె నిండా సరకులు తెచ్చేవారు ఈ నాలుగు కాగితాలకు ఒక పూట కేటాయిస్తే, ఆ పూట అవసరం ఎన్నటికీ రాకపోవచ్చు. వస్తే మాత్రం ఆ ఇంటి ఆడమనిషి ఎవరి గుమ్మం ముందూ చేయి చాచి నిలబడవలసిన పని ఉండదు.